ప్రొజెక్టర్ వేడెక్కి ఆగిపోతే ముందు గడియారం చూడండి

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద ఉన్న ప్రొజెక్టర్ నాదే. చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఇవాళ దీన్ని మీ ముందే విప్పుతాను. పొద్దున్నుంచి ఆన్ చేయలేదు, ప్లగ్ కూడా తీసేసి ఉంది, కాబట్టి నిర్భయంగా ముట్టుకోవచ్చు.

నేరుగా విషయంలోకి వస్తాను. సినిమా మంచి పట్టులో ఉంటుంది. ఉన్నట్టుండి ఫ్యాన్ మోత పెరుగుతుంది. తెర మీద ఏదో హెచ్చరిక వచ్చినట్టే వచ్చి, అంతా చీకటి. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఆ టెన్షన్‌లో చాలామంది చేసే పని ఒకటే, మళ్లీ ఆన్ బటన్ నొక్కడం. మళ్లీ ఆగిపోతుంది, మళ్లీ నొక్కుతారు. దయచేసి అలా చేయకండి. లోపల దీపం ఉన్న రకమైతే, అది చల్లారకుండా మళ్లీ వెలగదు. వెలిగించబోయిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తరిగిపోతుంది. ఒక అరగంట అలా వదిలేయండి.

ఆ అరగంటలో చేయాల్సిన పని ఒకటుంది. ఆన్ చేసిన ఎంతసేపటికి ఆగిపోయిందో కాగితం మీద రాసుకోండి. ఇవాళ నేను చెప్పాలనుకుని వచ్చిన మాట ముఖ్యంగా ఇదే. ఎర్ర లైటు "వేడి" అని మాత్రమే చెబుతుంది, వేడెందుకు వచ్చిందో చెప్పదు. ఆగడానికి పట్టిన సమయం మాత్రం సగం సంగతి చెప్పేస్తుంది.

ఎలాగో చూద్దాం. ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకే టెంపరేచర్ లైటు వెలిగి ఆగిపోయిందనుకోండి. రాత్రంతా చల్లగా పడి ఉన్న యంత్రం మూడు సెకన్లలో అంత వేడెక్కగలదా? ఎక్కలేదు. అంటే అక్కడ వేడి లేదు, వేడెక్కిందన్న తప్పుడు కబురు ఉంది. వేడి కొలిచే సెన్సర్ పాడై ఉండాలి, దాని తీగ ఊడి ఉండాలి, లేదంటే ఫ్యాన్ తిరగడం లేదు. ఈ ఫ్యాన్లలో చాలావాటికి మూడు తీగలుంటాయి. రెండు కరెంటుకి. మూడోది, ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకి తెలియజేసే తీగ. ఆ కబురు అందకపోతే బోర్డు ఎక్కువసేపు ఊరుకోదు, యంత్రాన్ని ఆపేస్తుంది. ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉండి, ఆ మూడో తీగ ఒక్కటి తెగినా అంతే. ఇలాంటి ప్రొజెక్టర్‌కి మీరు ఎన్నిసార్లు ఫిల్టర్ కడిగినా ఫలితం ఉండదు.

ఒకటి రెండు నిమిషాలకి ఆగుతోందంటే, దీపం పూర్తి వెలుగుకి వచ్చే సమయం సరిగ్గా అదే. అప్పుడు నా చూపు దీపం మీదకి, దాని మీద గాలి ఊదే చిన్న బ్లోయర్ మీదకి పోతుంది. ఇక ఇరవై నిమిషాలకో ముప్పావు గంటకో ఆగుతోందంటే, అది నిజమైన వేడి. మెల్లగా పోగుపడింది. గాలి దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఇళ్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, ఇంట్లోనే బాగుచేసుకోగలిగేదీ ఇదే. రాత్రిపూట హాయిగా నడిచి మధ్యాహ్నం మాత్రం ఆగుతోందంటే ముందు గదిలో ఎంత వేడి ఉందో చూడండి. మాన్యువల్‌లో రాసే ఉంటుంది, చాలావాటికి 5 నుంచి 35 డిగ్రీలు, కొన్నింటికి 40. ఆ అంకె గది మొత్తానికి అనుకుంటారు. ప్రొజెక్టర్ పీల్చే చోట ఉన్న గాలికి అది. అలమారా అరలో పెట్టిన ప్రొజెక్టర్‌కి గది వేడితో సంబంధం లేదు, దానికి ఆ అరే గది.

ఎర్ర లైటు ఎన్నిసార్లు మిణుకుతోందో కూడా లెక్కపెట్టి రాసుకోండి. టెంపరేచర్, దీపం, ఫ్యాన్, ఒక్కోదానికి ఒక్కో లెక్క పెడతారు. ఆ పట్టిక మాన్యువల్ చివర్లో ఉంటుంది. కంపెనీకో తీరు, మోడల్‌కో తీరు కాబట్టి పక్కింటి వాళ్ల ప్రొజెక్టర్ లెక్క మీదానికి పనికిరాదు.

ఇప్పుడు గాలి సంగతి కొంచెం నింపాదిగా చెప్పాలి. ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. లోపల 250 వాట్ల వేడి పుడుతోందనుకోండి. అంత వేడిని బయటికి మోసుకుపోవాల్సింది గాలే. బయటికొచ్చే గాలి, లోపలికెళ్లిన గాలికంటే 15 డిగ్రీలు మాత్రమే వేడిగా ఉండాలంటే సెకనుకి సుమారు 14 లీటర్ల గాలి కావాలి. దాదాపు ఒక బకెట్ నిండా గాలి. ప్రతి సెకనూ ఒక బకెట్ ఇటు నుంచి లోపలికి, ఒక బకెట్ అటు నుంచి బయటికి, సినిమా అయ్యేదాకా. ఫిల్టర్‌కి దుమ్ము పట్టి ఆ గాలి సగానికి తగ్గితే 15 డిగ్రీల తేడా కాస్తా 30 అవుతుంది. గది 30 డిగ్రీలుంటే బయటికొచ్చే గాలి 45 దగ్గర ఆగాల్సింది 60కి పోతుంది. అది గాలి వేడి మాత్రమే. ఆ గాలిని నమ్ముకున్న భాగాలు దానికంటే ఎంతో వేడిగా ఉంటాయి. పవర్ సప్లైలో కరెంటుని కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్ల గురించి ఎలక్ట్రానిక్స్ వాళ్లకి ఒక మోటు లెక్క ఉంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది.

గాలి తగ్గినట్టు బోర్డుకి తెలియగానే అది ఫ్యాన్ వేగం పెంచుతుంది. మీకు వినిపించే మోత అదే. ఫ్యాన్ పూర్తి వేగానికి చేరాక ఇక పెంచడానికేమీ ఉండదు, అప్పుడే ఆపేస్తుంది. అందుకని యంత్రం ఆగిపోయిన రోజు కంటే మోత పెరిగిన రోజు ముఖ్యం. "ఈమధ్య కొంచెం గోల చేస్తోంది" అని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాటని తేలిగ్గా తీసుకోకండి.

దీపం ఎంత వేడిని భరిస్తుందో కూడా ఒకసారి చూడండి. దీపం ఉన్న ప్రొజెక్టర్లలో ఎక్కువగా వాడేది పాదరసపు ఆవిరి దీపం. ఈ రకం దీపాన్ని ఫిలిప్స్ కంపెనీ 1995లో తెచ్చింది. లోపల రెండు టంగ్‌స్టన్ మొనలుంటాయి. వాటి మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ. మెరుపంతా అక్కడే. చుట్టూ ఉన్న క్వార్ట్జ్ బుడగ చిన్న గోళీ అంత ఉంటుంది. వెలిగేటప్పుడు దాని లోపలి పీడనం మామూలు గాలి పీడనానికి సుమారు 200 రెట్లు. ఆ బుడగని చల్లబరచడంలో ఒక కిటుకుంది. ఎక్కువ వేడెక్కితే క్వార్ట్జ్ మెత్తబడి ఉబ్బుతుంది. మరీ చల్లబడితే పాదరసం మళ్లీ ద్రవమైపోయి వెలుగు తగ్గుతుంది. అందుకే బ్లోయర్ గాలి ఏ మూల నుంచి, ఎంత, ఎక్కడ తగలాలో కొలిచి పెడతారు. ప్రొజెక్టర్‌ని పక్కకి నిలువుగా తిప్పి పెట్టొద్దని మాన్యువల్ చెప్పేది కూడా దీనికోసమే. మెరుపు ఎప్పుడూ పైకి వంగుతుంది. కుదురు మారితే, వేడి తగలకూడని వైపు తగులుతుంది.

దీపం పాతబడేకొద్దీ గాజు లోపలివైపు నల్లబడుతుంది. ఆ నలుపు వెలుతురుని మింగి వేడిగా మారుస్తుంది. అంటే పాత దీపం వెలుగు తక్కువిస్తుంది, గాజు మాత్రం ఇంకా వేడెక్కుతుంది. మెనూలో దీపం ఎన్ని గంటలు వెలిగిందో చూపిస్తుంది. చాలావాటికి 2,000 నుంచి 5,000 గంటలు. గడువు దాటిన దీపంతో కుస్తీ పట్టకండి, మార్చేయండి.

ఇక చేతి పని. దీనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ప్రొజెక్టర్ నడుస్తుండగా, గాలి బయటికొచ్చే చోట ఒక జానెడు దూరంలో అరచెయ్యి పెట్టండి. గాలి గట్టిగా, గోరువెచ్చగా తగిలితే మంచిది. సన్నగా, చురుక్కుమనేలా తగిలితే లోపల ఇరుకైపోయిందని అర్థం. గట్టిగానే వస్తూ, మరీ వేడిగా ఉంటే లోపలికెళ్లే గాలే వేడిగా ఉందని అర్థం. తర్వాత ఒక టిష్యూ కాగితం ముక్క చింపి, గాలి పీల్చే చోటికి దగ్గరగా తీసుకెళ్లండి. చటుక్కున అతుక్కోవాలి. వేలాడుతూ ఉండిపోతే పీల్పు లేదన్నమాట. నెలకోసారి ఇలా చేస్తే మీ యంత్రం తీరు మీ చేతికే అలవాటవుతుంది.

ఇప్పుడు దీన్ని తీస్తున్నాను. ఈ పక్కన ఉన్నది ఫిల్టర్ మూత. స్పాంజి ఫిల్టర్. లైటుకి ఎదురుగా పట్టుకుంటాను, వెనక వరుసలో వాళ్లకి కూడా కనిపిస్తుందా? కుడివైపు వెలుతురు చుక్కలు చుక్కలుగా వస్తోంది. ఎడమవైపు మూల చూడండి, బూడిదరంగు పొర, అసలు వెలుతురే రావడం లేదు. దుమ్ము అంతటా సమంగా పట్టదు. గాలి ఎక్కువ లాగే చోటే పడుతుంది. పైనుంచి చూసి "బాగానే ఉంది" అనుకునే ఫిల్టర్ చాలాసార్లు ఇలా లైటుకి పెడితే దొరికిపోతుంది. స్పాంజిని కడగొచ్చని మాన్యువల్ చెబితేనే కడగండి. కాగితంలా మడతలు పెట్టిన ఫిల్టర్ అయితే నీళ్లు తగలనివ్వకండి, తట్టి దులపండి, పాడైతే మార్చండి. కడిగినది పూర్తిగా ఆరేదాకా, అంటే పిండినా చెమ్మ తగలనంత వరకు, తిరిగి పెట్టకండి. ఫిల్టర్ లేకుండా "ఈ ఒక్క సినిమాకి" అని నడపకండి. ఆ దుమ్మంతా వెళ్లి కూర్చునేది లెన్సులు, బొమ్మని తయారుచేసే ప్యానెళ్ల మీద.

ఈ యంత్రంతో నాకు జరిగింది చెబుతాను. ఒక దశలో ఇది సరిగ్గా ఇరవై రెండు నిమిషాలకి ఆగిపోయేది. ఫిల్టర్ కడిగాను, ఇరవై మూడు నిమిషాలు. కొత్త దీపం వేశాను, మళ్లీ ఇరవై రెండు. ఎకో మోడ్‌లో పెట్టాను, దాదాపు ముప్పావు గంట నడిచింది. అక్కడ నాకు ఆశ పుట్టింది. దీపానికి ఇచ్చే కరెంటు తగ్గించగానే సమయం రెట్టింపైందంటే సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు, వేడి నిజం, గాలి చాలడం లేదు. మరి ఫిల్టర్ శుభ్రంగానే ఉంది కదా! పై మూత విప్పాను. ఫ్యాన్ రెక్కలు కూడా శుభ్రంగానే ఉన్నాయి. టార్చి వేసి ఫ్యాన్‌కి వెనకవైపు చూస్తే అక్కడుంది అసలు దొంగ. ఫ్యాన్‌కీ, వేడిని లాగి గాలికి వదిలే హీట్‌సింక్ రేకులకీ మధ్య వేలు పట్టనంత సందు. ఆ సందులో, రేకుల మూతి మీద, బట్టల నూగూ దుమ్మూ కలిసి దుప్పటి ముక్కలా పేరుకుపోయింది. ట్వీజర్‌తో ఒక కొస పట్టుకుని లాగితే తెగకుండా మొత్తం ఒకే గుడ్డలా ఊడి వచ్చింది. అగ్గిపెట్టె అంత ఉంది. ఏళ్ల తరబడి ఫిల్టర్ పక్క సందుల్లోంచి జారినదంతా అక్కడ చేరింది. అది తీసి బిగించాక ఆ రాత్రి మూడు గంటలు ఆగకుండా నడిచింది, ఫ్యాన్ మోత కూడా నాకు ఎన్నాళ్లుగానో వినపడనంత తగ్గిపోయింది.

మూత విప్పేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. ప్లగ్ తీశాక కనీసం గంట ఆగండి. పవర్ సప్లై బోర్డునీ, దీపానికి కరెంటిచ్చే బ్యాలస్ట్ బోర్డునీ ముట్టుకోవద్దు. ప్లగ్ తీసినా అక్కడి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు. దీపం వెలిగించడానికి బ్యాలస్ట్ ఇచ్చేది వేల వోల్టులు. కాబట్టి మూత తీసి ఉండగా ఎట్టి పరిస్థితుల్లోనూ ఆన్ చేయొద్దు. నొక్కితే గాలి చిమ్మే డబ్బాతో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని ఒక పుల్లతోనో వేలితోనో కదలకుండా పట్టుకోండి. గాలికి అది చూపించే వేగం చూడ్డానికి సరదాగా ఉంటుంది కానీ బేరింగ్ పాడవుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. డబ్బాని తలకిందులు చేయకండి, ద్రవం బయటికొస్తుంది. వేడిగా ఉన్న ప్రొజెక్టర్‌లో అసలే కొట్టకండి, చాలా డబ్బాల్లో ఉండేది మండే వాయువు.

ఫ్యాన్ బాగుందో లేదో వేలితో తెలుస్తుంది. మెల్లగా ఒకసారి తిప్పి వదిలితే కొన్ని చుట్లు తిరిగి నెమ్మదిగా ఆగాలి. టక్కున ఆగిపోతే బేరింగ్‌లో నూనె ఎండిపోయింది. చల్లగా ఉన్నప్పుడు గరగరలాడి, పది నిమిషాలకి సర్దుకునే ఫ్యాన్ కూడా చివరి రోజుల్లో ఉన్నట్టే. కొత్తది కొనేటప్పుడు సైజు ఒక్కటే చూడకండి. మందం, వోల్టులు, ఆంపియర్లు, ఎన్ని తీగలు, అన్నీ పాతదాని స్టిక్కర్ మీద చూసి సరిపోల్చండి. పాతది విప్పకముందే ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఎటు ఊదుతోందో తెలియాలి. తిరగేసి బిగించిన ఫ్యాన్ లోపలి వేడిని లోపలికే నెడుతుంది.

దీపం లేని ఎల్ఈడీ రకాల గురించి. చిన్న, చౌక రకం ప్రొజెక్టర్లలో ఒకే ఎల్‌సీడీ ప్యానెల్ ఉంటుంది, దాని వెనక బలమైన ఎల్ఈడీ. వీటిలో చాలావాటికి వేడెక్కితే తనంతట తాను ఆగే ఏర్పాటు సరిగా ఉండదు, అదే నాకు భయం. కానీ బొమ్మే మీకు చెప్పేస్తుంది. అరగంట నడిచాక తెర మధ్యలో మబ్బు లాంటి మచ్చ మొదలవుతుంది. మెల్లగా పెరుగుతుంది. ఆపి చల్లారనిస్తే మాయమవుతుంది. ప్యానెల్‌లోని లిక్విడ్ క్రిస్టల్ ఒక వేడి దాటాక తన వరుస తప్పి మామూలు ద్రవంలా అయిపోతుంది, అక్కడ బొమ్మ నిలవదు. చల్లబడితే మళ్లీ వరుసలోకి వస్తుంది. మచ్చ వచ్చి పోతున్నంత కాలం ప్యానెల్ బతికే ఉంది, వెంటనే గాలి దారి సరిచేయండి. చల్లారాక కూడా పసుపురంగు మచ్చ నిలిచిపోయిందంటే వెలుతురుని వడగట్టే పోలరైజర్ పొర కాలిపోయింది, అది మార్చాల్సిందే.

డీఎల్‌పీ అనే ఇంకో రకంలో ఉండేది చిన్న చిన్న అద్దాల చిప్. 1987లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ కనిపెట్టినది. లక్షల అద్దాలు ఒక్కోటీ విడిగా వంగుతాయి. వేడి ఎక్కువైతే అవి ఇరుక్కుపోయే అవకాశం పెరుగుతుంది, తెర మీద కదలని తెల్ల చుక్కలో నల్ల చుక్కలో కనిపిస్తాయి. వాటికి ఇంట్లో చేయగలిగింది లేదు.

ఇప్పుడు పెట్టే చోటు. పరుపు మీద, సోఫా మీద పెట్టకండి. చాలావాటికి అడుగున కూడా గాలి రంధ్రాలుంటాయి. గాలి బయటికొచ్చే వైపు ఒక మూర ఖాళీ వదలండి. వెనక కర్టెన్ ఉంటే, వేడిగాలి దానికి తగిలి తిరిగొచ్చి మళ్లీ లోపలికే పోతుంది. తను వదిలిన ఊపిరే తను పీల్చుకోవడం అన్నమాట. సీలింగ్‌కి బిగించినవాళ్లు ఒక థర్మామీటర్‌ని నేల దగ్గర, తర్వాత ప్రొజెక్టర్ దగ్గర పెట్టి చూడండి. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక జానెడు కిందికి దించినా లాభమే.

మెనూలో హై ఆల్టిట్యూడ్ అని ఒక మోడ్ ఉంటుంది. సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన గాలి పలచగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్‌ని వేగంగా తిప్పే మోడ్ అది. కింద ఉన్నవాళ్లు కూడా ఎండాకాలంలో ఒకటి రెండు రోజులు గడుపుకోవడానికి వాడొచ్చు. మోత భరించాలి. అసలు కారణం వెతకడం మానేసి దాన్నే నమ్ముకోవద్దు.

మధ్యలో కరెంటు పోతే? దీపం ఆరినా బుడగలో, రిఫ్లెక్టర్‌లో దాగిన వేడి అలాగే ఉంటుంది. ఫ్యాన్ లేదు. ఆ వేడంతా చుట్టూ ఉన్న భాగాల్లోకి పాకుతుంది. దీపం ఉన్న ప్రొజెక్టర్ వాడేవాళ్లు చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మంచిది. కరెంటు పోగానే అది రెండు మూడు నిమిషాలు నిలబెడితే చాలు, ఆలోగా మీరు బటన్‌తో ఆపి, ఫ్యాన్ తన పని ముగించేదాకా ఆగొచ్చు.

ముందు వరుసలోంచి ఒకరు అడుగుతున్నారు, టేబుల్ ఫ్యాన్ పెట్టొచ్చా అని. పెట్టొచ్చు, కానీ ఎటువైపు అన్నది ముఖ్యం. వేడిగాలి బయటికొచ్చే వైపు ఎదురుగా పెడితే రెండు ఫ్యాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, వేడి ఇంకా పెరుగుతుంది. పక్కగా పెట్టి, బయటికొచ్చిన వేడిగాలిని దూరంగా తోలేలా పెట్టండి.

ఇంకొకరి ప్రశ్న. దీపం పక్కన ఉండే చిన్న బిళ్ల లాంటి స్విచ్‌ని తీసేసి తీగలు కలిపేస్తే ఆగకుండా నడుస్తుందని ఎవరో చెప్పారట. నడుస్తుంది, నిజమే. ఆ బిళ్లలో రెండు లోహాల రేకు ఉంటుంది, వేడికి వంగి కరెంటు తెంపుతుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. దాన్ని తీసేస్తే 200 రెట్ల పీడనంలో ఉన్న పాదరసపు బుడగకీ మీ ఇంటికీ మధ్య కాపలా ఉండదు. దయచేసి ఆ పని చేయకండి. ఎప్పుడైనా దీపం పగిలి టప్‌మని పేలిన శబ్దం వస్తే, ముందు అందరినీ గదిలోంచి బయటికి పంపండి, పిల్లల్ని మరీ ముందు. కిటికీలు తెరవండి. గాజు ముక్కల్ని ఉత్తి చేత్తో తీయకండి, వ్యాక్యూమ్ క్లీనర్ అసలే పెట్టకండి, అది పాదరసాన్ని గాల్లోకి చిమ్ముతుంది. గది బాగా గాలి ఆడిన తర్వాతే లోపలికి రండి.

టిష్యూ ముక్కలు తెచ్చాను. ఈ మూత పెట్టేసి ఆన్ చేస్తున్నాను, ఒక్కొక్కరూ వచ్చి ఈ పక్క పీల్పు ఎంతుందో మీ చేత్తోనే చూడండి. ముందు ఈ దుమ్ము పట్టిన ఫిల్టర్‌తో, తర్వాత కొత్తదానితో.